ఏం జెయ్యనోళ్ల ఇల్లు

ఒకే వంటింట్లో వండింది తింటూ కలిసి ఉండేవాళ్లంతా ఒక కుటుంబం. జనాభా లెక్కలవాళ్ల నిబంధన ఇది. ఎన్ని అర్రలున్నా, ఎందరు అన్నదమ్ములున్నా, వాళ్ల మధ్య మాటలున్నా లేకపోయినా సర్కారుకు పట్టదు. పొయ్యి ఒకటా, రెండా? అంతే. 1981లో లెక్కలు రాసుకోవడానికి పాతబస్తీ గౌలిపురాలో మా ఇంటికొచ్చిన పంతులుగారు కూడా మా మామయ్యను అదే అడిగాడు. "ఒక్కటే పొయ్యి" అన్నాడు మామయ్య, కాస్త గొప్పగానే. పద్నాలుగు మందిమి ఒక్క కుటుంబంగా కాగితమెక్కాం.

తర్వాతి ప్రశ్న, ఎవరేం పని చేస్తారని. మామయ్యకు శాలిబండలో కిరాణా దుకాణం, పెద్దబావ అందులోనే. నడిపిబావ ఆర్టీసీలో, మా ఆయన చంచల్‌గూడ సర్కారు ప్రెస్సులో. "ఆడవాళ్లు?" అంటే "వాళ్లేం జెయ్యరు, ఇంట్ల ఉంటరు" అన్నాడు మామయ్య. ఆ సమయానికి లోపల ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు దంచుతున్నాం. అత్తమ్మదొక రోకలి, పెద్దక్కదొక రోకలి. నేనూ నడిపక్కా కొంగులు ముక్కులకు కట్టుకొని జల్లెడ పడుతున్నాం. పంతులుగారు ఆ కోరుకు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూనే మా నలుగురి పేర్ల పక్కన పని లేదని రాసుకున్నాడు. మామయ్య లోపలికి వినపడేటట్టు "చాయ్" అని కేకేశాడు. అత్తమ్మ రోకలి ఆపింది. "ఏం జెయ్యనోళ్లు చాయ్ ఎట్ల జేస్తరో అడుగుండ్రి" అంది, గోడ వైపు చూస్తూ. చాయ్ మాత్రం పోయింది, అల్లం దంచి వేసి మరీ.

పంతులుగారి తప్పేం లేదు. ఆయన చేతిలోని నిబంధన ప్రకారం సొంత ఇంటి చాకిరీ పని కిందికి రాదు. చాలా ఏళ్లకు, 2019లో జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు, మనుషులు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో దేశమంతా తిరిగి అడిగారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకు దానికే రోజుకు సగటున 299 నిమిషాలు పడుతోందని తేలింది. ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. ఆ పని చేసే మగవాళ్లకు 97 నిమిషాలు. గ్యాసూ కుక్కరూ మిక్సీ వచ్చాక లెక్క అది. మా అత్తమ్మను అడిగుంటే నిమిషాల్లో చెప్పేది కాదు. నల్లా వచ్చిందగ్గర్నుంచి దీపం తగ్గించేదాకా అనేది.

1979లో పెళ్లయి నేను భువనగిరి నుంచి ఆ ఇంటికొచ్చాను. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి గుడికి నడిచిపోయే దూరం. గల్లీలోంచి చూస్తే ఒక దర్వాజ, అటూ ఇటూ అరుగులు, అంతే. ఇల్లు ఎంత లోతుందో లోపలికొచ్చేదాకా తెలియదు. దర్వాజ దాటితే దాలాన్, ఆ తర్వాత పైన కప్పు లేని ఆకిలి, ఆకిలి నడుమ చేదబావి, చుట్టూ అర్రలు. వంటిల్లు అన్నిటికన్నా వెనక, పగలు కూడా చీకటే. పాతబస్తీలో పాత ఇళ్లు చాలావరకు ఇట్లా ఆకిలి చుట్టూ కట్టినవే, ముస్లింలవైనా మావైనా. పని మొత్తం ఆకిట్లో కాబట్టి ఎవరేం చేస్తున్నారో, ఎవరు ఎంతసేపట్నుంచి ఏమీ చేయడం లేదో అందరికీ కనబడేది. అత్తమ్మ పీట బావికీ వంటింటికీ మధ్య. అక్కడ కూచుంటే ఒకపక్క దర్వాజా కనిపిస్తుంది, ఒకపక్క పొయ్యీ కనిపిస్తుంది.

నీళ్లు రెండు రకాలు. బావినీళ్లు ఉప్పన. స్నానాలకు, బట్టలకు, బాసన్లకు అవే. పప్పుకు పనికిరావు. ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపు మరిగినా పలుకుగానే ఉంటుంది, కట్టెలు మాత్రం అయిపోతాయి. వంటకూ తాగడానికీ నల్లానీళ్లు. ఒకరోజు విడిచి ఒకరోజు వచ్చేవి, అదీ మనుషులు నిద్రపోయే వేళ చూసుకొని. అత్తమ్మ వాటిని గండిపేట నీళ్లనేది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరు మునిగినప్పుడు వాళ్లత్త చిన్నపిల్లట. ఆ తుగ్యానీ కథలు ఆమె చెబితే ఈమె వింది, ఈమె చెబితే మేం విన్నాం. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టినవే గండిపేట, హిమాయత్‌సాగర్, ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో. "ఊరిని ముంచిన నీళ్లే బిడ్డా, ఇప్పుడు గిన్నె గిన్నె అడుక్కుంటున్నం" అనేది అత్తమ్మ, నల్లా సన్నబడ్డప్పుడల్లా.

నల్లా చప్పుడు మొదట వినేది ఆమే. నీళ్లకన్నా ముందు గొట్టంలోంచి గాలి వస్తుంది. ఆ గాలికే లేచేది. మమ్మల్ని పేరు పెట్టి పిలిచేది కాదు, బిందెకు బిందె తగిలించేది. అప్పటికీ కదలకపోతే ఇంకాస్త గట్టిగా. నల్లా కింద పట్టడం ఆమె వంతు, మోయడం మా వంతు. తాగేవి రాగి బిందెల్లోకి, వంటవి ఇత్తడి గుండీల్లోకి, మిగిలితే సిమెంటు హౌజులోకి. మగవాళ్లు మిద్దె మీద పడుకునేవాళ్లు. వాళ్లకు నల్లా చప్పుడు వినపడేది కాదట. అంత గల్లీలో ఏ ఇంటి మగవాళ్లకూ వినపడలేదు మరి.

పనులకు అంతస్తులుండేవి. కొత్త కోడలికి ఆకిలి. ఊడ్చి, పెండనీళ్లతో సాన్పి చల్లి, ముగ్గు వేయాలి. బాసన్లు తోమడమూ నాదే, బూడిదతో, ఇత్తడివైతే చింతపండుతో. నడిపక్కకు కూరలు, బట్టలు, పిల్లల స్నానాలు. పెద్దక్కకు పొయ్యి. అత్తమ్మకు కొలత. ఇంట్లో అసలు అధికారం ఆ కొలతలో ఉందని తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. గింజల అర్ర తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది. పొద్దున ఒకసారి, పొద్దుమూకినాక ఒకసారి తాళం తీసి, బియ్యం, జొన్నపిండి, పప్పు సోలతో కొలిచి చేటలో పోసి ఇచ్చేది. ఎవరు ఊరికి పోయారు, ఎవరికి జ్వరం, ఎవరు దుకాణంలోనే తింటారు, అంతా ఆ సోలకు తెలుసు. ఒక్కోరోజు అడగకుండానే గుప్పెడు ఎక్కువ పోసేది. ఆ రోజు తప్పకుండా చుట్టమొచ్చేవాడు. మాకది మహిమగా తోచేది. మామయ్య ముందే చెప్పి ఉంటాడు, అంతకన్నా ఏం లేదు.

మగవాళ్లూ పిల్లలూ తిన్నాక మేం కూచునేవాళ్లం, అత్తమ్మతో సహా. కూర అయిపోతే పచ్చిపులుసు ఉంది కదా అనేవాళ్లం. కొలత తప్పిన రోజు ఆ తక్కువ మొదట ఆమె కంచంలో కనబడేది, తర్వాత నా కంచంలో. చిన్నదాన్ని కాబట్టి నాకు ఆకలి ఎక్కువని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పొయ్యి దగ్గరికి నన్ను చాన్నాళ్లు రానివ్వలేదు. రానిచ్చాక మొదట అప్పగించింది జొన్నరొట్టె. మా అమ్మ దగ్గర రొట్టెలు కొట్టినదాన్నే గానీ, అత్తమ్మ కళ్ల ముందు కొట్టడం వేరు. పిండిలో మసిలిన నీళ్లు పోసి, చెయ్యి చురుక్కుమంటుండగానే పిసకాలి. చల్లారితే జిగి పోతుంది. ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో కొడుతూ, కొడుతూనే తిప్పుతూ పోవాలి, అంచు పగలకుండా. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడవాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ముందు తిప్పితే అంటుకుంటుంది, ఆలస్యమైతే చీలుతుంది. ఆఖరికి పెనం మీంచి తీసి నిప్పుల ముందు నిలబెడితే పొంగుతుంది. పొంగిన రొట్టెను అత్తమ్మ తీసుకొని, ఏమీ అనకుండా దొంతిలో పెట్టేది. పొంగనిదాన్ని పక్కన పెట్టేది, తను తినడానికి. తిట్టినా బాగుండేది. ఆ పక్కన పెట్టిన రొట్టెలను చూసి నాకొచ్చిన కోపం ఇన్నేళ్లయినా పోలేదు. పెద్దక్కకూ అట్లాగే చేసిందట. అత్తమ్మకు వాళ్లత్త చేసిందట.

ఉమ్మడి కుటుంబాల గురించి రాసేవాళ్లు రెండు జట్లు. ఒక జట్టు ఆప్యాయతలంటుంది, ఇంకో జట్టు అత్తల ఆరళ్లంటుంది. రెండూ ఉన్నాయి, నేను రెండూ తిన్నాను. కానీ ఇల్లు నిలబడింది వాటి మీద కాదని నా అనుమానం. పని ఒక్కరితో అయ్యేది కాదు, అందుకే నిలబడింది. తడిసిన నేతచీర పిండాలంటే ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకొని చెరోవైపు మెలితిప్పాలి. బొక్కెనతో ఒకరు చేదుతుంటే ఒకరు మోసి పొయ్యాలి. రోట్లో ఒక రోకలి దిగేటప్పుడు ఇంకొకటి లేవాలి, తప్పితే రోకలికి రోకలి తగిలి చేతులు జివ్వుమంటాయి. నలుగురు కోడళ్లున్నా ఆ ఇంటికి చాలేవాళ్లు కాదు. ముగ్గురం ఉన్నాం.

ఇసుర్రాయి సంగతి కొంచెం చెప్పాలి. ఎండలు ముదిరే ముందు ఉస్మాన్‌గంజ్ నుంచి కందుల బస్తాలొచ్చేవి. కందులకు నూనె పట్టించి, ఎండబెట్టి ఇసిరితే పొట్టు వదిలి బద్దలవుతాయి. ఆకిట్లో పాత ధోవతి పరిచి, నడుమ రాయి పెట్టి, అత్తమ్మ ఆ వైపు, నేనీ వైపు కాళ్లు చాపుకొని కూచునేవాళ్లం. పిడి ఒక్కటే. దాని మీద కింద ఆమె చెయ్యి, పైన నా చెయ్యి. రెండో చేత్తో ఆమె రాయి నోట్లో గింజలు పోసేది. ఎక్కువ పోస్తే కందులు పగలకుండానే బయటపడతాయి, తక్కువ పోస్తే రాయికి రాయి రాసుకొని పప్పంతా పిండవుతుంది. ఇద్దరి బలమూ సమంగా పడాలి. నేను అలిగిన రోజు రాయి చెప్పేసేది, నా వైపు తిరిగేసరికి ఎగిరిపడేది. "రాయి మీదెందుకు కోపం, నా మీదనే పడు" అనేది. తిప్పడం మాత్రం ఆపనిచ్చేది కాదు.

అంత దగ్గరగా మొహాలు పెట్టుకొని, ఒకే పిడి పట్టుకొని మూతి బిగించుకు కూచోవడం ఎంతసేపని? ఆమె నాతో అసలు మాటలు మాట్లాడింది అక్కడే. పుట్టి పోయిన ఇద్దరు పిల్లల సంగతి అక్కడే చెప్పింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు పెద్దబావ కడుపులో ఉన్నాడట. దర్వాజకు లోపలినుంచి అడ్డగడియ వేసుకొని, నల్లా దగ్గరికి కూడా పోకుండా బావినీళ్లతోనే వండుకున్నారట. సైన్యాలొచ్చాయి, నిజాం లొంగిపోయాడు, హైదరాబాదు హిందుస్థాన్‌లో కలిసింది. ఆమెకు గుర్తున్నది ఇంకోటి: "అయిదు దినాలు పప్పు ఉడకలే."

పాటలూ వచ్చు ఆమెకు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజుగారు 1950ల్లోనే జానపద గేయాల మీద పరిశోధన చేశారని, దంపుళ్ల పాటలకూ అంత విలువుందని తర్వాతెప్పుడో చదివాను. మా అత్తమ్మకు పాట అంటే రాయి నడక. పాట నెమ్మదిస్తే చెయ్యి నెమ్మదించాలి, మలుపు దగ్గర ఊపు పెంచాలి. ఒకనాడు ఊరికే కూచున్నప్పుడు ఆ పాట పాడమని అడిగాను. "రాయి లేకుంట పాటేంది?" అని నవ్వింది. పాడలేదు.

నెలకు మూడు రోజులు దూరం కూచోవాలి. దాలాన్ మూల చాప, విడిగా కంచం, చెంబు. ఇంటికెవరొచ్చినా ముందు నన్నే చూసేవాళ్లు. సిగ్గుగా ఉండేది, ఒళ్లు మండేది. మాకున్న ఒకే ఒక్క సెలవు కూడా అదే. నా సాన్పి, నా బాసన్లు ఆ మూడు రోజులూ అత్తమ్మ చేసేది. యారాళ్లకు పంచేది కాదు, "వాళ్ల పని వాళ్లకు లేదా?" అనేది. ఆమె బావి దగ్గర కూచొని నా వంతు గిన్నెలు తోముతుంటే, నేను చాప మీద బోర్లా పడుకొని వారపత్రికలో సీరియల్ చదివేదాన్ని. ఆ ఆచారాన్ని నా కూతురి దాకా రానివ్వలేదు. సీరియల్ చదివిన సుఖం మాత్రం అబద్ధం కాదు.

పక్కిల్లు ముస్లింలది. రెండు ఇళ్లకూ నడుమ గోడలో చిన్న కిటికీ ఉండేది, మనిషి పట్టదు, గిన్నె పడుతుంది. ఆ కిటికీ మీదుగా తోడు పోయేది, వచ్చేది. ఎండాకాలం మా పెరుగు పులిసిపోతే వాళ్ల దగ్గర్నుంచి, చలికాలం వాళ్ల పాలు తోడుకోకపోతే మా దగ్గర్నుంచి. "జామన్ హై క్యా అమ్మా?" అని ఖాలా గొంతు వినబడితే అత్తమ్మే లేచేది, ఆ కిటికీ దగ్గరికి కోడళ్లను పంపేది కాదు. అక్కడ ఆమెకు తన ఈడు మనిషితో మాట్లాడుకునే వీలుంది మరి. దఖ్నీ, తెలుగు కలిపి కొట్టేది. ఖాలాకు ముగ్గురు కోడళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో ఊహించడం కష్టం కాదు. కిటికీ ఇటువైపు మేం చెవులు రిక్కించేవాళ్లం, అటువైపు వాళ్లూ రిక్కించే ఉంటారు.

ఆషాఢంలో బోనాల నాడు మాత్రం ఈ అంతస్తులన్నీ పక్కకు పోయేవి. బోనం కుండ అత్తమ్మ ఒక్కతే కడిగేది, పసుపు రాసేది, వేపాకు కట్టేది, బెల్లమన్నం వండేది. మేం ముగ్గురం అందివ్వడానికే. లాల్‌దర్వాజ దాకా తలమీద దీపంతో ఆమె ముందు నడిస్తే వెనక మేం. ఆ రోజు ఆమె మాకు ఒక్క పనీ చెప్పేది కాదు, మేమూ ఒక్క మాటా అడిగేవాళ్లం కాదు.

ఇంక ఆ ఇల్లు ఎట్లా విడిపోయిందంటే, చుట్టాలు చెప్పేది వేరు. పెద్దక్కకూ నడిపక్కకూ పడలేదంటారు, నా నోరు పెద్దదంటారు. నోళ్లు అంతకుముందూ ఉన్నాయి. నేను చూసినంత వరకు మొదటి పగులు గ్యాసు సిలిండరుతో వచ్చింది. పేరు రాయించుకొని ఏళ్లు ఎదురుచూడాల్సిన కాలమది. 1984లో నడిపిబావ పేరు మీద వచ్చింది. పొయ్యి పెట్టడానికి వంటింట్లో గట్టు కట్టించారు. కింద కూచొని వండినన్నాళ్లు ఆ వంటింట్లో నలుగురికి చోటుండేది. ఒకరు ఊదుతుంటే ఒకరు కలుపుతుంటే ఒకరు తరుగుతుండేవాళ్లు. గట్టు ముందు ఒక్కరే నిలబడాలి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి, నిలబడలేదు. వంటింట్లోకి వచ్చి, కూచోవడానికి చోటు చూసుకొని, లేక, మళ్లీ ఆకిట్లోకి పోయేది. తర్వాత మిక్సీ. రెండు రోకళ్ల పని మీట నొక్కితే అయిపోతోంది. కందిపప్పు దుకాణంలోనే పాకెట్లలో దొరుకుతోంది, ఇసురుడెందుకు? కుక్కరొచ్చాక బావినీళ్లతో కూడా పప్పు ఉడికింది. ఒక్కో వస్తువు వచ్చినప్పుడల్లా అందరం సంబరపడ్డాం, నేను అందరికన్నా ఎక్కువ. ఆ మిరపకాయల కోరు మళ్లీ పీల్చమంటే ఇప్పుడు కూడా పారిపోతాను. కానీ వస్తువు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఒక మనిషి అక్కర తీరిపోయింది. ఒక్కరు నడుపుకోగల వంటింటికి ముగ్గురు కోడళ్లెందుకు, వాళ్ల మీద ఒక అత్త ఎందుకు?

మామయ్య పోయిన మరుసటేడు, 1988లో, వేరుపడ్డాం. పెద్దమనుషులు అరుగు మీద కూచొని గోడలు పంచారు, దుకాణం పంచారు. బాసన్లు మేం పంచుకున్నాం, అత్తమ్మను ముందు కూచోబెట్టుకొని. చిన్న గిన్నెల దగ్గర ముగ్గురం పట్టుబట్టాం. ముప్పై మందికి వండే గుండీలు ఎవరికీ వద్దన్నాం. తూకానికి అమ్మేశాం. ఇసుర్రాయికి ఏ వాటాలోనూ పేరు పడలేదు. ముందు భాగం పెద్దబావకు, మిద్దె మీద నడిపిబావకు, వెనకవైపు మాకు. అత్తమ్మ ఉండేది నడుమ అర్రలో, తినేది నెలకొకరి దగ్గర. అందరికీ వంతులు పంచిన మనిషి తనే ఒక వంతైంది. ఒకటో తారీకు పొద్దున కంచం, చెంబు పట్టుకొని ఒక వాటాలోంచి ఇంకో వాటాలోకి నడిచేది. ఏ కోడలింట్లోనూ ఉప్పు చాలలేదని గానీ, ఎక్కువైందని గానీ అనలేదు. అట్లా అనడం కూడా అధికారమేనని ఆమెకు తెలుసు.

1990 డిసెంబరులో అల్లర్లొచ్చాయి. కర్ఫ్యూ. పాతబస్తీలో అంతకుముందూ కర్ఫ్యూలు చూశాం గానీ, అంత భయం ఎప్పుడూ లేదు. గల్లీ కొసన పోలీసులు, దుకాణాలు బంద్. సడలించిన కాసేపట్లో పాల కోసం, కూరల కోసం ఆడవాళ్లం ఉరికేవాళ్లం. మొదట నడిపక్క సిలిండరు అయిపోయింది, ఆ వెంటనే మాది. పెద్దక్క దగ్గర బియ్యం ఉన్నాయి, పప్పు లేదు. నా దగ్గర పప్పుంది, నూనె లేదు. అత్తమ్మ ఎవరినీ అడగలేదు. స్నానాల నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యి ఆకిట్లో ఉంటే, దాని మీద పప్పు ఎసరు పెట్టింది. "ఎవ్వరింట్ల ఏమున్నయో తెచ్చి ఈడ పెట్టుండ్రి" అంది. పెట్టాం. సోల ఎక్కడ దాచిందో, బయటికొచ్చింది. మళ్లీ పెద్దక్క పొయ్యి, నడిపక్క కూరలు, నేను బాసన్లు. ఎవరూ పంచకుండానే ఎవరి చోట వాళ్లం కూచున్నాం. గోడలోని కిటికీ తలుపు మొదటి రోజుల్లో రెండు వైపులా మూసే ఉంది. ఆ సంగతి దాచి రాయలేను. ఒక పొద్దున అటువైపు నుంచి ఖాలా గొంతు: "అమ్మా, ప్యాజ్ హై క్యా?" అత్తమ్మ లేచి గడియ తీసింది. ఉల్లిగడ్డలు అటు పోయాయి, పాలపొడి ఇటు వచ్చింది.

కర్ఫ్యూ ఎత్తేశారు, సిలిండర్లొచ్చాయి. ఎవరి గట్టు దగ్గరికి వాళ్లం పోయాం. ఫిబ్రవరిలో జనాభా లెక్కలు. ఈసారి వచ్చినాయన ఎన్ని పొయ్యిలని అడిగితే పెద్దబావ మూడని చెప్పాడు. మూడు కుటుంబాలుగా రాసుకొని పోయాడు. డిసెంబరులో వచ్చి ఉంటే ఒకటే రాసేవాడు. ఆడవాళ్ల పని దగ్గర మాత్రం పాత జవాబే పడింది.

తర్వాత కూడా అత్తమ్మ వంతు గురించి మాకు పేచీ ఏమీ లేదు, ఒక్క సంక్రాంతి నెల తప్ప. ఆ నెల ఆమె మా ఇంట్లోనంటే మా ఇంట్లోనని ముగ్గురం పోటీ. ప్రేమకు కాదు, సకినాలకు. తడిబియ్యం పిండిలో నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలిపి, ధోవతి మీద వేళ్లతో మెలివేస్తూ చుట్టు మీద చుట్టు తిప్పాలి. పిండి కొంచెం జారైతే పరుచుకుపోతుంది, గట్టిగా ఉంటే తెగుతుంది. మా ముగ్గురికీ చుట్టడం వచ్చు, పిండి కలపడం రాదు. నీళ్లెన్నో ఆమె చెయ్యి ఒక్కదానికే తెలుసు, అడిగితే "చూసి పొయ్యాలె" అనేది. సంక్రాంతి నెల లెక్కప్రకారం ప్రతి ఏడూ నడిపక్కదే. ఒక ఏడు పెద్దక్క, తన పెద్దకూతురికి కొత్త సంబంధం, ఇంటికి మనుషులొస్తారు, అత్తమ్మను ఈ నెల ఇవ్వమంది. నడిపక్క ఇవ్వనంది. నేను ఇద్దరినీ ఊరడిస్తున్నట్టు నటిస్తూ, పోనీ మా ఇంట్లో ఉంచుదామన్నాను. మాటలు ముదిరి మిద్దె మీదికీ ఆకిట్లోకీ వినబడ్డాయి. అత్తమ్మ నడుమ అర్రలోంచి బయటికొచ్చింది. "పండుగ మూడు దినాలు నేనెవ్వరి వంతు గాను. బియ్యం నానబోసుకొని ముగ్గురూ ఈడికే రాండ్రి" అంది.

వెళ్లాం. ఒకే ధోవతి మీద చుట్టాం, ఒకే కడాయిలో కాల్చాం. నూనె మాత్రం ఎవరిది వాళ్లమే తెచ్చుకున్నాం. నడిపక్కది తక్కువ పడిందని పెద్దక్క ఇప్పటికీ అంటుంది.